నిమిషం ప్రార్థన

మా అత్తమ్మ నర్సుగా పనిచేసి రిటైరైంది. నేను నర్సింగ్ చదివి, ఉద్యోగంలో చేరకముందే తల్లినై ఇంట్లో ఉండిపోయాను. వచ్చే నెల నా మొదటి డ్యూటీ. మా పాప గ్రేసీకి ఏడాది దాటింది. అది పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వెళ్లి దాని ఊపిరి చూసి వస్తుంటాను కాబట్టి ఎక్కడైనా అతుకు సరిగా పడకపోతే సర్దుకుని చదవండి. అత్తమ్మ ఇది చూసి నవ్వుతుంది. "పండుకున్న పిల్లను లేపి, పండుకున్నవా అని అడిగేటట్టున్నవు" అంటుంది.

రాయమన్నది ఆమే. నాతోపాటు కొత్తగా చేరుతున్న పిల్లలకు పనికొస్తుందని. ప్రమోషన్ల ముచ్చట వద్దంది, అది ఆఫీసు కాగితాల్లో ఉంటుందట. "నన్ను తిట్టినోళ్ల సంగతి రాయి. నాకు పని వచ్చింది వాళ్లతోనే" అంది. కనుక మాటలు ఆమెవి, పెన్ను నాది. రిటైరయ్యాక జరిగింది కూడా రాస్తానంటే ముందు ఒప్పుకోలేదు. అసలు ఉద్యోగం అప్పుడే మొదలైంది కదా అన్నాను. సరే రాయి, కానీ మా చర్చి అయ్యగారిని మర్యాదగా రాయి అంది. ప్రయత్నిస్తాను.

సాంచాల పక్కన వార్డు

అత్తమ్మ పేరు సుగుణమ్మ. మొదటి ఉద్యోగం సిరిసిల్లలో. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు. ఆమె పనిచేసిన చిన్న దవాఖాన గోడకు ఆనుకొనే ఒక సాంచాల షెడ్డు ఉండేది. పగలూ రాత్రీ టకటకమని ఒకటే చప్పుడు. కొత్తగా వచ్చిన రోగులు నిద్ర పట్టడం లేదనేవారు. ఆ ఊరి రోగులు మాత్రం కరెంటు పోయి చప్పుడు ఆగితే నిద్రలేచేవారు.

చేరిన కొత్తలో వార్డులో అందరి పల్స్ చూసి చార్టులో రాసే పని ఆమెకు అప్పగించారు. మణికట్టు మీద వేళ్లు పెట్టి, వాచీ చూస్తూ, నిండు నిమిషం లెక్కపెట్టాలి. భక్తిశ్రద్ధలతో లెక్కపెట్టింది. మధ్యమధ్య ఒక కన్ను తెరిచి వాచీ చూసుకుంటూ, కళ్లు మూసుకుని మరీ పెట్టింది. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి చార్టులు తిరగేసి ఆగిపోయారు. కాలు విరిగిన ఆయనకూ, కాన్పయిన ఆమెకూ, కడుపునొప్పి ముసలాయనకూ ఒకటే అంకె. అదీ బాగా ఎక్కువ. అందరూ ఎక్కడినుంచైనా ఉరికొచ్చి పడుకున్నారా అని అడిగారట.

ఆయనకు అర్థం కానిది హెడ్ సిస్టర్ మణెమ్మకు అర్థమైంది. మణెమ్మ సిస్టర్ సిరిసిల్ల మనిషి, సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగింది. కొండగట్టు అంజన్న భక్తురాలు కావడంతో ప్రతి మంగళవారం ఒక్కపొద్దు ఉండేది. కడుపు ఖాళీగా ఉండటం వల్ల ఆ రోజు తిట్లు నిండుగా ఉండేవి. అది మంగళవారం.

"నువ్వు పట్టింది రోగి పల్సా, గోడవతల సాంచా పల్సా?" అని అడిగింది.

వేళ్లు నాడి మీదే ఉన్నాయి. చెవులు మాత్రం గోడవతల ఉన్నాయి. అత్తమ్మకు తెలియకుండానే లెక్క సాంచాతో కలిసిపోయింది. మణెమ్మ సిస్టర్ వార్డంతా మళ్లీ తిప్పి, ప్రతి మంచం దగ్గరా పక్కన నిలబడి లెక్కపెట్టించింది. "కండ్లు మూస్తే చెవులు పెద్దగైతయ్. చెయ్యి పట్టినంక కండ్లు మూసినవంటే నీ చెయ్యి ఇరగ్గొడ్త" అంది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా అత్తమ్మ ఎవరి చెయ్యి పట్టుకున్నా కళ్లు మూయలేదు. వాచీని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకోవడం కూడా అప్పుడే అలవాటైంది.

మణెమ్మ సిస్టర్ నేర్పిన రెండో పాఠం, రోగి పక్కన కూర్చోవద్దని. కూర్చుంటే రోగి మనల్ని చుట్టం అనుకుంటాడట. చుట్టానికి కష్టం చెప్తాడు గానీ రోగం చెప్పడట. అత్తమ్మ సర్వీసంతా నిలబడే చేసింది. ఈ పాఠం సగమే నిజమని ఇప్పుడంటుంది. మిగతా సగం సంగతి ఆమెకు మెట్‌పల్లి దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు ఒక పల్లెలో తెలిసింది. ఒక పిల్ల వారం వారం తలనొప్పి అంటూ వచ్చేది. అత్తమ్మ నిలబడే అడిగి, నిలబడే గోలీలు ఇచ్చి పంపేది. ఒకరోజు ఆ పిల్ల గడప దాటబోతూ ఆగి, "సిస్టరమ్మా, నువ్వు ఒక్కపారి కూసుంటే చెప్తుంటి" అంది. దుబాయి వెళ్లిన భర్త దగ్గర్నుంచి చాన్నాళ్లుగా ఫోను లేదు. అత్తమ్మ ఆ రోజు కూడా కూర్చోలేదు. బయట లైను పెద్దగా ఉంది. తర్వాత ఆ భర్త ఫోను చేశాడు, తలనొప్పి పోయింది, కథ సుఖాంతమే. అయినా ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు.

ఇల్లు వార్డైంది

రిటైరైన మొదటి రోజుల గురించి రాయొద్దని మా ఆయన అన్నారు. రాస్తున్నాను.

తెల్లవారకముందే లేచి లైట్లన్నీ వేసేది. అన్ని గదులూ ఒక రౌండు తిరిగేది. మా దుప్పట్ల మూలలు మడిచి పరుపు కింద బిగించేది. దాంతో పొద్దున్నే కాళ్లు బయటికి తీయడం మాకు పెద్ద పనయ్యేది. మా ఆయనకు ఇల్లంతా వినేటట్టు, విరేచనం అయిందా అని అడిగేది. ఆయన జగిత్యాలలో మందుల దుకాణంలో పనిచేస్తారు. ఆ రోజుల్లో మా కోరుట్ల నుంచి బయలుదేరే మొదటి బస్సుకే వెళ్లిపోయేవారు. వంట కూడా తనే చేస్తానంది. అది పూర్తిగా బీపీ రోగుల వంట. ఉప్పు డబ్బా ఎక్కడ దాచిందో ఇప్పటికీ దొరకలేదు. నేనసలే గ్రేసీకి తుమ్ము వస్తే థర్మామీటరు పట్టుకునే రకం. ఆమె వచ్చి ఆ థర్మామీటరు సరిగా దులిపానా లేదా అని చూసేది.

ఆదివారం చర్చికి పోవడం మాత్రం ఆమెకు కొత్త సంతోషం. డ్యూటీల వల్ల ఏళ్ల తరబడి కుదరలేదు. దేవునికి ఎప్పటికప్పుడు సెలవు చీటీ పెట్టుకుంటూ వచ్చానని చెప్పేది. ఇప్పుడు ముందు వరసలో కూర్చుని, వాక్యం చెప్పడం మొదలవగానే నిద్రపోయేది. అలవాటు లేకపోవడమే కారణం. కూర్చోవడం అంటే ఆమె శరీరానికి డ్యూటీ దిగిందని అర్థం.

ఒక ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, రోగులను పరామర్శించి ప్రార్థన చేసి వచ్చే బృందంలో మనుషులు కావాలని ప్రకటించారు. ఆయన మాట పూర్తి కాకముందే అత్తమ్మ చెయ్యి లేచింది. అంతవరకూ నిద్రపోతోంది కూడా. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో నాతో మెల్లగా అంది: "దేవుడు నన్ను రిటైర్ చెయ్యలే బిడ్డా. ట్రాన్స్‌ఫర్ చేసిండు."

మర్నాటి నుంచి మా దుప్పట్ల మూలలు వదులయ్యాయి.

ఫిర్యాదులు

అయ్యగారి ప్రార్థన కోరుట్లలో బయలుదేరుతుంది. మెట్‌పల్లిలో ఆగి వానల కోసం, గల్ఫులో ఉన్న పిల్లల కోసం, పరీక్షలు రాసేవాళ్ల కోసం, పరిపాలించేవాళ్ల కోసం, అన్ని స్టేజీల్లోనూ మనుషులను ఎక్కించుకుని, చివరికి రోగి మంచం దగ్గరికి వస్తుంది. రోగులకు అది ఇష్టం. ప్రపంచమంతా తన మంచం చుట్టూ చేరినట్టుంటుంది.

అత్తమ్మ ప్రార్థన నిమిషమే. ఎందుకు నిమిషమో మొదట ఎవరికీ తెలియలేదు, బహుశా ఆమెకు కూడా. రోగి చెయ్యి పట్టుకునేది. వేళ్లు వాటంతటవే నాడి మీదికి పోయేవి. కళ్లు మణికట్టు లోపలి వాచీ మీదికి పోయేవి. పెదాలు ప్రభువును పిలిచేవి. ముల్లు ఒక చుట్టు తిరిగిరాగానే ఆమెన్. కళ్లు తెరవాల్సిన పని లేదు, అవి మూసుకుంటే కదా.

ఆమెన్ తర్వాత దిండు ఎత్తి చూసేది. మింగని గోలీలు దొరికితే పంచాయితీ మొదలయ్యేది. ఇబ్రహీంపట్నంలో యాకోబు తాత అని, జీవితమంతా పసుపు చేలల్లో కూలికి పోయిన మనిషి, షుగరుతో కాలు పుండు పడి మంచంలో ఉన్నాడు. దేవుని మీద నమ్మకంతో గోలీలు మానేశానని చెప్పాడు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, అందరి ముందూ ఇలా ప్రార్థించింది: "ప్రభువా, ఈ యాకోబుకు పొద్దున ఒక గోలి, మాపటికి ఒక గోలి ఏసుకునే బుద్ధి ఇయ్యి. వీని కొడుక్కు కట్టు మార్చే బుద్ధి ఇయ్యి. ఆమెన్."

తాత నొచ్చుకున్నాడు. మందుచీటీని ప్రార్థన అంటారా అని చర్చి స్త్రీల సమాజం వాళ్లకు కబురు పెట్టాడు. మరో ఇంటివాళ్లు తాము పెట్టిన చాయ మరగకముందే సిస్టరమ్మ ప్రార్థన మరిగి దిగిందన్నారు. ఇంకొకరు, వాచీ చూస్తూ ప్రార్థిస్తుంటే తమకు ఇంకెంత టైముందో చూస్తున్నట్టు భయమైందన్నారు. ఆ చివరి మాట నాకూ న్యాయమే అనిపించింది.

అయ్యగారు ఇంటికొచ్చారు. మంచివారు, మెత్తగా మాట్లాడతారు. దేవుని సన్నిధిలో వాచీ చూడటం బాగుండదన్నారు. పల్స్ చూస్తున్నానంది అత్తమ్మ. మీరు వెళ్లేది ప్రార్థనకు కదా అన్నారు ఆయన.

"రెండు ఒక్కపారే అయితున్నయ్ కద అయ్యగారు."

ఆయన కాసేపు గ్రేసీ తల నిమిరారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. తరువాతి పరామర్శకు తాను కూడా వస్తారు. అత్తమ్మ వాచీ లేకుండా, కళ్లు మూసుకుని, రోగి మనసు నిండేలా ప్రార్థించాలి. అలా కుదరకపోతే ఆమె ఆ పని వేరేవాళ్లకు వదిలేసి, ఆదివారం భోజనాల దగ్గర వంటలో సాయం చేస్తే బాగుంటుంది. వంట అనగానే నేను అయ్యగారి వైపు జాలిగా చూశాను.

ఆయన వెళ్లాక అత్తమ్మ లేచి అన్ని గదులూ ఒక రౌండు తిరిగింది. మళ్లీ మా దుప్పట్లకు రోజులు వచ్చాయనుకుని, పొద్దు పోవడానికి వేరే ఏదైనా చూద్దాంలే అన్నాను. తప్పు మాట.

"పొద్దు పోవుడుదేముంది, టీవీతోని గూడ పోతది. ఇన్నేండ్లు పొద్దుగాల లేస్తె ఎందుకు లేచిన్నో ఎరుక ఉండె. గిది పోతె నాకు ఎరుక ఉండది బిడ్డా" అంది.

ఆ రాత్రి నేను గ్రేసీ ఊపిరితోపాటు ఆమె గది తలుపు దగ్గర కూడా ఆగి విన్నాను.

మణెమ్మ సిస్టర్ పిలుపు

ఆ వారమే సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. మణెమ్మ సిస్టర్ తమ్ముడు. అక్కకు పెద్ద జబ్బని, హైదరాబాదు డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదని ఇంటికి పంపారని చెప్పాడు. సుగుణను ఒకసారి రమ్మంటోంది అన్నాడు. అత్తమ్మ అయ్యగారికి చెప్పింది. ఆమె అంజన్న భక్తురాలని కూడా దాచకుండా చెప్పింది. పిలిచింది వాళ్లే కదా, పోదాం, మీ ప్రార్థన చూసినట్టూ ఉంటుంది అన్నారు ఆయన. కొత్త నర్సును చూపించాలని అత్తమ్మ నన్నూ రమ్మంది. గ్రేసీని వదిలి ఉండలేను కనుక గ్రేసీ కూడా వచ్చింది. దానికోసం రెండు రకాల జ్వరం మందులు, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాచి చల్లార్చిన నీళ్ల సీసాలు పెట్టుకున్నాను. సిరిసిల్లలో నీళ్లు దొరకవా అని అడిగారు అయ్యగారు.

బస్సు ఎక్కేముందు అత్తమ్మ వాచీ విప్పి నా సంచిలో వేసింది. మణికట్టు మీద పట్టీ ఉన్నంత మేర తెల్లటి చార. దారి పొడవునా ఆ చారను రుద్దుకుంటూనే ఉంది. వేములవాడలో బస్సు మారేలోపు వాచీ గ్రేసీ చేతికి చిక్కింది. అక్కడినుంచి దాని నోట్లోనే ఉంది.

మణెమ్మ సిస్టర్ పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. ముందు గదిలో సాంచాలు నడుస్తున్నాయి. లోపలి గదిలో మంచం. నేను విన్న ఆ పెద్ద గొంతు మనిషి దుప్పటి కింద ఇంతే ఉందా అనిపించింది. మెడలో ఆంజనేయుడి బిళ్ల, తలాపున సింధూరం పొట్లం. అయ్యగారిని చూసి తమ్ముడు సాంచాలు ఆపడానికి లేచాడు. మణెమ్మ సిస్టర్ చెయ్యి ఊపి వద్దంది. చప్పుడు లేకపోతే తనకు భయమట.

అయ్యగారు సాంచాల మీదుగా గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. కోరుట్ల, మెట్‌పల్లి, వానలు, గల్ఫు. మణెమ్మ సిస్టర్ చాలాసేపు ఓపిక పట్టింది. తర్వాత ఒక కన్ను తెరిచింది.

"అయ్యగారు, ఇంకెంత దూరమున్నది?"

అయ్యగారు పరిపాలకులను వదిలేసి నేరుగా మంచం దగ్గరికి వచ్చి ఆమెన్ చెప్పారు. మర్యాదగా రాయమంది కాబట్టి ఆయన ముఖం ఎలా ఉందో రాయడం లేదు.

ఇక అత్తమ్మ వంతు. అలవాటు ప్రకారం నిలబడే ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్లు నాడి మీదికి పోయాయి. కళ్లు తెల్లచార మీదికి పోయాయి. అక్కడ ఏమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అలాగే నిలబడింది. అయ్యగారు చూస్తున్నారు. 

"వాచీ ఏది?" అంది మణెమ్మ సిస్టర్.

"అయ్యగారు వద్దన్నరు."

మణెమ్మ సిస్టర్ అయ్యగారిని ఒకసారి చూసింది. అది మంగళవారం చూపు. తర్వాత ఆమె పెదాలు వంకర తిరిగాయి. "వాచీ లేకుంటె ఏంది, సాంచా ఉన్నది కద. అప్పుడు గట్లనే లెక్కపెట్టినవు" అంది. ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి పోయింది. అత్తమ్మ వెన్ను నిమిరి, నీళ్లు తాగించి, దిండు సర్దింది. సర్దుతూ దిండు కింద కూడా చూసింది.

"అన్ని మింగిన. కూసో."

"నిలవడ్త సిస్టర్."

"డ్యూటీ అయిపోయింది సుగుణా. నీది, నాది. చుట్టమోలె కూసో."

అత్తమ్మ మంచం అంచున కూర్చుంది. రోగి పక్కన ఆమె కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. కూర్చుని, చెయ్యి వదలకుండా, కళ్లు మూసుకుంది. నిద్రపోతుందేమోనని నాకు వెంటనే భయమేసింది. పోలేదు. పెదాలు కదలడం లేదు. ఏ మాటలతో ప్రార్థించిందో ఇప్పటికీ చెప్పలేదు, నేను అడగలేదు. ముందు గదిలో సాంచాలు నడుస్తున్నాయి. నిమిషం అయిపోయింది. మరొకటి అయిపోయింది. మణెమ్మ సిస్టర్ కళ్ల చివరినుంచి నీళ్లు చెవి వైపు జారుతున్నాయి. చెప్పుకోవలసిన కష్టాలేవో అన్నీ ఆ చేతికి చెప్పుకుంటున్నట్టు మెల్లగా మెల్లగా గొణుగుతోంది. తమ్ముడి కొడుకు గురించి, ఇల్లు గురించి, రాత్రిళ్లు కలిగే భయం గురించి. చప్పుడులో నాకు సగమే వినబడింది. గ్రేసీ నేల మీద కూర్చుని వాచీని మంచం కోడుకు కొడుతోంది.

అయ్యగారు కూర్చున్నచోట ఒకసారి సర్దుకున్నారు. తిరుగు బస్సు ఉంది. కాసేపటికి తన మణికట్టు మీది వాచీ చూసుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. చేతిసంచి ఒళ్లోకి తీసుకుని, చిన్నగా దగ్గి, సాయం అందిస్తున్నట్టు "ఆమెన్" అన్నారు.

అత్తమ్మ కళ్లు తెరవలేదు.

"ఆగుండ్రి అయ్యగారు. లెక్క తప్పింది. మళ్ల మొదలువెట్టిన."

"మెల్లగ పెట్టు" అంది మణెమ్మ సిస్టర్. "నాకేం తొందర లేదు."

అయ్యగారు సంచిని మళ్లీ కింద పెట్టారు.

బస్సు తప్పింది. సిరిసిల్ల బస్టాండులో తరువాతి బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. నేను గ్రేసీ నుదురు పట్టి చూసి, నాలుక చూసి, వాచీని తుడిచి అత్తమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని పెట్టుకోకుండా ఒళ్లో ఉంచుకుని కూర్చుంది. ఏమవుతుందోనని నేను ఆ వాచీనీ అయ్యగారినీ మార్చి మార్చి చూస్తున్నాను. ఆయన గ్రేసీకి బిస్కెట్ పుడా కొనిచ్చి, అత్తమ్మ వైపు తిరిగారు.

"శనివారం ఇబ్రహీంపట్నం పోదాం సిస్టరమ్మా, యాకోబు కాడికి. వాచీ పెట్టుకునే రండ్రి."

అత్తమ్మ వాచీ తీసి, దాని ముఖం లోపలివైపుకు తిప్పి, పట్టీ బిగించుకుంది.

"పెట్టుకుంట అయ్యగారు" అంది. "మీది ఇంట్ల పెట్టి రండ్రి."